సిగ్గుకూ కత్తికీ మధ్య ఒక పరీక్ష ఉంది

రంజాను నెలకు ఇంకా పది రోజులుందనగా ఒక రాత్రి ఇషా నమాజు ముగిసింది. జనమంతా వెళ్లిపోయిన తర్వాత మా అక్క కొడుకు ఇమాం సాహెబు దగ్గర తలవంచుకొని కూర్చున్నాడు. నేను రెండు బారల దూరంలో మసీదు చందాల లెక్క రాస్తున్నాను. వాడు ఎంత గొంతు తగ్గించినా మాట నా చెవిన పడింది. "హజ్రత్, అమ్మీకి ముట్లుడిగి ఏడేళ్లయింది. ఇప్పుడు మళ్లీ మరకలు కనిపిస్తున్నాయట. నమాజు చదవవచ్చా? రోజా ఉండవచ్చా?"

అక్క ఆ మాట కోడలితో చెప్పింది, కోడలు భర్తతో చెప్పింది, భర్త ఇమాముకు చేర్చాడు. ఇమాం సాహెబు జాగ్రత్తపరుడు. వెంటనే జవాబు చెప్పకుండా మూడు ప్రశ్నలు అడిగారు. వయసెంత? రంగేమిటి? ఎన్నాళ్లుగా? యాభై ఎనిమిదేళ్లు, మట్టి రంగు, పన్నెండు రోజులుగా అని వాడు చెప్పాడు. "అయితే ఇది హైజ్ కాదు బేటా, ఇస్తిహాజా. ప్రతి నమాజు వేళకూ వుజూ చేసుకొని చదువుకోమను. రోజా కూడా ఉండవచ్చు" అన్నారు.

ఆ జవాబులో తప్పేమీ లేదు. తప్పు నాది. డిగ్రీ చదివినవాణ్ణి, ముప్పైమూడేళ్లు సర్కారు కొలువు చేసినవాణ్ణి, సంఘ సేవ అంటూ నలుగురిలో తిరిగేవాణ్ణి. ఆ మాట విని, మళ్లీ తలవంచుకొని లెక్క రాసుకున్నాను. ఆడవాళ్ల సంగతి మనకెందుకు అనుకున్నాను. రంజాను గడిచింది, పండుగ గడిచింది, మనవరాలి నిఖా గడిచింది. ఆరో నెలలో అక్కకు నడుము నొప్పితో మంచం దిగడం కష్టమైనప్పుడు ఆసుపత్రికి తీసుకువెళ్లాము. గర్భాశయం లోపలి పొరలో పుట్టిన క్యాన్సర్ అప్పటికే బయటికి పాకిందని డాక్టరమ్మ చెప్పింది. "మొదటి మరక కనిపించిన రోజే వచ్చి ఉంటే..." అని ఆమె ఆ వాక్యాన్ని అక్కడే ఆపేసింది. ఆ తర్వాత అక్క పద్నాలుగు నెలలు బతికింది.

ఇంటి గుట్టు పత్రికకెక్కించానని బంధువులు కోపగించుకోవచ్చు. ఈ గుట్టే మా ఇంటి ప్రాణం ఒకటి తీసింది కనుక రాస్తున్నాను.

ఆ రాత్రి ఇమాం సాహెబు అడిగిన మూడు ప్రశ్నలను గుర్తుంచుకోండి. ఆసుపత్రిలో డాక్టరు మొట్టమొదట అడిగేవి కూడా ఆ మూడే. వయసెంత, రంగేమిటి, ఎన్నాళ్లుగా. మన ఆడవారికి ఈ లెక్క చిన్ననాటి నుంచే తెలుసు. హనఫీ మస్లక్‌లో హైజ్‌కు మూడు రోజులు కనిష్ఠం, పది రోజులు గరిష్ఠం. ఆ హద్దు దాటినది ఇస్తిహాజా. మన ఇళ్లలో తరతరాలుగా ఆడపిల్లలకు చదివిస్తున్న 'బహిష్తీ జేవర్'లో దీనికి ప్రత్యేకంగా ప్రకరణాలే ఉన్నాయి. నమాజు కోసం, రోజా కోసం, ఇద్దత్ కోసం మన తల్లులు రోజులు లెక్కపెట్టుకుంటారు. తన నెలసరి తేదీలు ఇంత కచ్చితంగా చెప్పగలిగిన స్త్రీలు వేరే సమాజాల్లో ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే.

ఇంత విద్య ఉండి కూడా మన స్త్రీలు ఆసుపత్రికి ఎందుకు ఆలస్యంగా చేరుతున్నారు? ఆ లెక్కను మనం జానిమాజ్ దగ్గరే ఆపేస్తున్నాము కాబట్టి. ఇస్తిహాజా అన్న మాట ఆరాధనకు సంబంధించిన తీర్పు మాత్రమే. రక్తం ఎందుకు వస్తున్నదో ఆ మాట చెప్పదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది డాక్టరు. ముఫ్తీ సాహెబు దగ్గర ఒక జవాబు దొరకగానే రెండో జవాబు అక్కరలేదని ఇంటిల్లిపాదీ అనుకోవడమే మన పొరపాటు.

ఇక ఏ లక్షణాలు కనిపిస్తే వాయిదా వేయకూడదో సూటిగా రాస్తాను. దయచేసి మగవారు కూడా చదవండి, చదివి ఇంట్లో వినిపించండి. నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటిన తర్వాత ఎంత కొద్దిగా రక్తం కనిపించినా, ఒక్కసారి కనిపించినా, ఎరుపు కాకుండా మట్టి రంగు మరకే అయినా పరీక్ష చేయించుకోవాలి. నెలసరికీ నెలసరికీ మధ్య రక్తస్రావం, దాంపత్యం తర్వాత రక్తస్రావం, దుర్వాసనతో కూడిన నీళ్ల వంటి స్రావం గర్భాశయ ముఖద్వారంలో తేడాకు గుర్తులు కావచ్చు. రెండు మూడు వారాలుగా దాదాపు రోజూ పొట్ట ఉబ్బరంగా ఉండడం, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లనిపించడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం అండాశయానికి సంబంధించిన హెచ్చరికలు కావచ్చు. వీటిని గ్యాసు అనుకొని మందుల షాపులో మాత్రలు కొనుక్కుంటూ నెలలు గడిపేవారు చాలామంది. బయటి భాగంలో మానని పుండు, గడ్డ, విడవని దురద ఉన్నా చూపించుకోవాలి. షుగరు, అధిక బరువు ఉన్నవారికి గర్భాశయం లోపలి పొర క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ. మన మొహల్లాల్లో ఈ రెండూ లేని పెద్దామెలు ఎంతమంది?

ఈ లక్షణాలు ఉన్నవారందరికీ క్యాన్సర్ ఉందని కాదు. ముట్లుడిగిన తర్వాత రక్తం కనిపించిన స్త్రీలను పరీక్షిస్తే పదిమందిలో ఇంచుమించు ఒక్కరికే క్యాన్సర్ బయటపడుతుందని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. మిగిలిన తొమ్మిదిమందికి లోపలి పొర పలచబడడమో, చిన్న కండ పెరగడమో, మరొక మామూలు కారణమో ఉంటుంది. పరీక్షకు వెళ్లడమంటే చావు కబురు వినడానికి వెళ్లడం కాదు. చాలామంది మనసు తేలికపడి ఇంటికి తిరిగి వస్తారు. ఆ పదో ఆమె కూడా తొలి దశలోనే వెళితే చాలావరకు ఆపరేషనుతో బాగుపడుతుంది. గర్భాశయ క్యాన్సర్ బారిన పడిన స్త్రీలలో పదింట తొమ్మిదిమందికి ముందుగా ఈ రక్తస్రావమే కనిపిస్తుంది. ఇంత స్పష్టంగా ముందే హెచ్చరించే క్యాన్సర్లు అరుదు.

పరీక్ష అంటే ఏం చేస్తారో తెలియకపోవడమే సగం భయానికి కారణం. అక్క వెంట తిరిగిన రోజుల్లోనూ, ఆ తర్వాత ఇతరులను తీసుకువెళ్లిన సందర్భాల్లోనూ డాక్టరమ్మల నుంచి విని తెలుసుకున్నది చెబుతాను. మొదట సంగతులు అడిగి రాసుకుంటారు. తర్వాత తెర చాటున పడుకోబెట్టి, దుప్పటి కప్పి, చిన్న పరికరంతో గర్భాశయ ముఖద్వారాన్ని చూస్తారు. అది కొన్ని నిమిషాల పని. నొప్పి కంటే ఇబ్బంది ఎక్కువ. తర్వాత స్కానింగ్. లోపలి పొర ఎంత మందంగా ఉన్నదో అందులో తెలుస్తుంది. ముట్లుడిగిన స్త్రీలో అది నాలుగు మిల్లీమీటర్లు మించితే సన్నని గొట్టంతో లోపలి పొర నుంచి కొద్దిగా ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అవసరమైతే సన్నని కెమెరాతో లోపల చూస్తారు. ముఖద్వారం మీద అనుమానం ఉంటే పెద్దదిగా చూపే అద్దంతో చూసి అక్కడి నుంచి ముక్క తీస్తారు. వీటిలో చాలావాటికి ఆసుపత్రిలో పడక అవసరం లేదు, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న మాట మన ఊళ్లలో బలంగా ఉంది. అది వట్టి అపోహ. ముక్క పరీక్ష లేకుండా క్యాన్సర్ అవునో కాదో ఎవరూ తేల్చి చెప్పలేరు.

ఇక్కడ మరొక గందరగోళం కూడా ఉంది. స్విమ్స్ వారి పింక్ బస్సు ఊళ్లకు వచ్చి ఆడవారికి క్యాన్సర్ పరీక్షలు చేస్తున్నది. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి అడుగుతున్నారు. ముప్పై నుంచి అరవై ఐదేళ్ల స్త్రీలందరికీ ఐదేళ్లకోసారి గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఆ పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద రెండు శాతం కూడా లేరని తేలింది. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా ఈ ముఖద్వార క్యాన్సర్ బారిన పడుతున్నారు. కాబట్టి బస్సు వచ్చినప్పుడు అందరూ వెళ్లండి. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. బస్సు, శిబిరం ఏ లక్షణమూ లేనివారి కోసం. లక్షణం కనిపించిన స్త్రీ శిబిరం కోసం ఎదురుచూడకూడదు. ఆమె ఆ వారంలోనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పటిదాకా సిగ్గు చేసే నష్టం గురించి చెప్పాను. కత్తి చేసే నష్టం గురించి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం సగం నిజమే అవుతుంది.

మన ఆంధ్రప్రదేశ్‌కు దేశంలో ఒక అపకీర్తి ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, మన రాష్ట్రంలో 8.9 శాతం. తెల్లబట్ట అనో, నడుము నొప్పి అనో, నెలసరి ఎక్కువవుతోందనో వెళ్లిన ముప్పై ఐదేళ్ల ఆడమనిషికి "సంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అని చెప్పి, ముక్క పరీక్ష లేకుండానే ఆపరేషను చేసేసే ధోరణి మన ఊళ్లలో దశాబ్దాలుగా ఉంది. నాకు తెలిసిన ఒక హమాలీ, మదనపల్లె టమోటా మార్కెట్టులో మూటలు మోసేవాడు, భార్య ఆపరేషను కోసం వడ్డీకి అప్పు తెచ్చాడు. ఏ పరీక్ష చేశారని అడిగితే అతని దగ్గర ఒక స్కానింగ్ కాగితం తప్ప మరేమీ లేదు. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపారో లేదో కూడా అతనికి తెలియదు.

అవసరం లేని ఈ ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు వరకు వ్యాజ్యం వెళ్లింది. 2023 ఏప్రిల్ 5న ఇచ్చిన తీర్పులో, ఈ ఆపరేషన్లను పర్యవేక్షించే మార్గదర్శకాలను మూడు నెలల్లోగా అమలులోకి తేవాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అయినా కాగితం మీది ఆదేశం కాపాడేది దాన్ని అడగడం తెలిసిన వారినే.

వైద్యపరంగా ఇందులో ఇంకొక ప్రమాదం ఉంది. లోపల నిజంగానే క్యాన్సర్ ఉన్న స్త్రీకి ముందుగా పరీక్ష చేయకుండా మామూలు పద్ధతిలో గర్భసంచి తీసేస్తే, ఆ తర్వాత చేయవలసిన అసలు చికిత్స మరింత చిక్కుపడుతుంది. అంటే పరీక్ష లేని ఆపరేషను జబ్బు లేనివారికీ నష్టమే, జబ్బు ఉన్నవారికీ నష్టమే.

పైకి చూస్తే ఇవి రెండు వేర్వేరు సమస్యలు. ఒకచోట రక్తం కారుతున్నా ఎవరూ పట్టించుకోరు. మరొకచోట ఏమీ లేకున్నా కోసేస్తారు. రెంటికీ మూలం ఒకటే. లక్షణానికీ చికిత్సకూ మధ్య ఉండవలసిన మెట్టు, త్వరగా, పద్ధతిగా, కాగితం మీద ఫలితం చెప్పే పరీక్ష, మన స్త్రీలకు దక్కడం లేదు. ఈ మెట్టును దయాధర్మంగా కాక హక్కుగా అడగాలన్నదే నేను చెప్పదలచుకున్నది.

పర్దా అడ్డు కదా అని కొందరు పెద్దలు అంటారు. ఈ మాటకు మన పొరుగునే ఒక పాత జవాబు ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా వేలూరు, చిత్తూరు రెండూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. ఆ జిల్లాలోని రాణిపేటలో 1870లో పుట్టిన ఐడా స్కడర్ ఒక అమెరికన్ మిషనరీ డాక్టరు కూతురు. 1890ల తొలినాళ్లలో తిండివనంలో తండ్రి ఇంట ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు మగవారు వచ్చి కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఆమెను వేడుకున్నారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, మూడో ఆయన మరొక హిందువు. తనకు వైద్యం రాదనీ, తండ్రి డాక్టరు కనుక ఆయన వస్తారనీ ఆమె చెప్పింది. పరాయి మగవాడు మా ఆడవారిని చూడకూడదని ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. అమెరికాలో ఎప్పటికీ ఉండిపోదామనుకున్న ఆ అమ్మాయి వైద్యం చదివి 1900లో వేలూరుకు తిరిగి వచ్చి, ఒక్క పడకతో వైద్యం మొదలుపెట్టింది. 1918లో ఆడవారి కోసమే వైద్య పాఠశాల తెరిచింది. మనం నేడు వేలూరు ఆసుపత్రి అని పిలుచుకునే సి.ఎం.సి. అలా పుట్టింది.

ఆ ముగ్గురిలో మనవాడూ ఒకడు ఉన్నాడన్న సంగతి మనం మరవకూడదు. ఆ రాత్రి నాటికి ఈ ప్రాంతంలో మహిళా డాక్టరు దొరకడం దుర్లభం. ఈనాడు ఆ సాకు చెల్లదు. తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. పెద్దాసుపత్రి రుయా ఉంది. స్విమ్స్‌కు అనుబంధంగా 2014 నుంచి ఆడపిల్లల కోసమే నడుస్తున్న శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల ఉంది. స్త్రీల వ్యాధుల విభాగంలో మహిళా డాక్టరును కోరుకోవచ్చు. ఒకవేళ మగ డాక్టరే చూడవలసి వచ్చినా, ఆ పరీక్ష సమయంలో మరొక స్త్రీ అక్కడ ఉండడం రోగి హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఈ హక్కు ఉంది. తన రిపోర్టుల నకళ్లు పొందే హక్కు, మరొక డాక్టరు సలహా తీసుకొనే హక్కు, ఆపరేషనుకు ముందు అన్నీ తెలుసుకొని సమ్మతి ఇచ్చే హక్కు కూడా అందులో ఉన్నాయి. ప్రాణావసరం వచ్చినప్పుడు వైద్యుడి ముందు అవసరమైనంత మేరకు పర్దా సడలింపు ఉందని మన ఫుఖహా ఎప్పుడో చెప్పారు. షరీఅత్ ఇచ్చిన సడలింపును మనమే ఎందుకు ఎత్తివేస్తున్నాము?

ఇంకొక మాట మెల్లగానైనా చెప్పాలి. "అది కొండ కింది ఆసుపత్రి కదా భాయ్, బుర్ఖాలో వెళితే చూస్తారా?" అని నన్ను అడిగినవారు ఉన్నారు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆలంబనతో 1993లో మొదలైన స్విమ్స్‌లో గానీ, దేవస్థానం ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టు నిర్మించగా 2022 మే 5న ప్రారంభమైన అలిపిరి దగ్గరి స్వికార్ క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ మతం అడిగి ఎవరికీ వైద్యం చేయరు. నేను తీసుకువెళ్లిన ఆడవారిలో బుర్ఖా లేనివారు తక్కువ. ఎక్కడైనా ఒక గుమాస్తా, ఒక వార్డు బాయ్ చులకనగా మాట్లాడితే ఫిర్యాదు రాయండి. మాట పడవలసి వస్తుందేమోనన్న అనుమానంతో పరీక్షనే మానుకోవద్దు. హైదరాబాదులో 1955లో వెలసి, ఇప్పటికీ బీదలకు పెద్ద దిక్కుగా ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పేరులోని మూడక్షరాలు మెహదీ నవాజ్ జంగ్‌వి. ఆ ఆసుపత్రి మెట్లెక్కేవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. రోగుల వరుసలో మతం లేదు.

ఖర్చు సంగతి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్స ఉంది. తెల్లకార్డు కుటుంబాలకు ఇది నిజమైన ఆసరా. కానీ పథకం బలంగా ఆదుకొనేది జబ్బు తేలిన తర్వాత. తేలేముందు జరిగే తిరుగుడు, బస్సు చార్జీలు, పోగొట్టుకున్న కూలి, బయట చేయించుకొన్న స్కానింగ్, ఇవన్నీ చాలాసార్లు ఇంటి మీదే పడతాయి. పుంగనూరు నుంచి, పలమనేరు నుంచి తిరుపతికి మూడుసార్లు తిప్పితే కుట్టుమిషను మీద బతికే ఆడమనిషి నాలుగోసారి రాదు. కాబట్టి ఆలస్యానికి నింద అంతా సిగ్గు మీదే వేసి ప్రభుత్వం చేతులు కడుక్కోవడానికి వీల్లేదు.

ఇక్కడ గుమాస్తాగా నాకు తెలిసిన విద్య ఒకటి చెబుతాను. మా కార్యాలయంలో ఏ తపాలు వచ్చినా పర్సనల్ రిజిస్టరులో ఎక్కించేవాళ్లం. వచ్చిన తేదీ, పంపిన తేదీ, జవాబు తేదీ. ముఖ్యమైన ఫైలుకు 'అర్జంటు' అని చీటీ అంటించేవాళ్లం. గడువు దాటితే రిమైండరు వెళ్లేది. ఒక ఎకరం భూమి కాగితానికి ఉన్న ఈ మర్యాద ఒక ఆడమనిషి ప్రాణానికి లేకపోవడం నన్ను బాధిస్తున్నది. ఊళ్లో ఏఎన్ఎం అనుమానించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతుంది. అక్కడ డాక్టరు చూసి పెద్దాసుపత్రికి వెళ్లమని చీటీ రాస్తారు. ఆమె వెళ్లిందా లేదా, వెళితే ఎన్నాళ్లకు చూశారు, ముక్క పరీక్ష ఫలితం ఎప్పుడు వచ్చింది, ఆ ఫలితం ఆమె చేతికి అందిందా? అక్క విషయంలో ఈ ప్రశ్నలు అడిగే కాగితం ఎక్కడా పుట్టలేదు. చీటీ రాయగానే పంపినవారి బాధ్యత తీరిపోయినట్లవుతోంది.

ఇంగ్లండులో దీనికొక పద్ధతి ఉంది. క్యాన్సర్ అనుమానంతో పంపిన రోగిని రెండు వారాల్లోగా నిపుణుడు చూడాలన్న నియమం 2000 నాటికే అన్ని క్యాన్సర్లకూ వచ్చింది. 2023 అక్టోబరు నుంచి దాని స్థానంలో మరొక గడువు పెట్టారు. పంపిన నాటి నుంచి 28 రోజుల్లోగా క్యాన్సర్ ఉన్నదో లేదో రోగికి తేల్చి చెప్పాలి. అక్కడా గడువు తప్పినవారు ఉన్నారు. అయితే ఎంతమందికి తప్పిందో ప్రతి నెలా లెక్క ప్రచురిస్తారు. మనకు ఇంగ్లండు ఆసుపత్రులు రాకపోవచ్చు గానీ, ఆ లెక్క రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఒక రిజిస్టరు, మూడు గడులు చాలు. పంపిన తేదీ, చూసిన తేదీ, ఫలితం చెప్పిన తేదీ. తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్యాధికారులు ఈ మూడు గడులు పెట్టించి, నెలకొకసారి కలెక్టరు సమీక్షలో చదివిస్తే చాలు, సగం ఆలస్యం తగ్గుతుందని నా అనుభవం చెబుతోంది. మూడో గడి ఖాళీగా ఉన్న పేరుకు ఆశా కార్యకర్త చేత ఫోను చేయించవచ్చు.

సచార్ కమిటీ నివేదిక 2006లో వచ్చినప్పటి నుంచి మనం చదువు గురించి, ఉద్యోగాల గురించి, రిజర్వేషన్ గురించి ఎన్నో సభలు పెట్టాము. ఆడవారి ఆరోగ్యం గురించి ఎన్ని పెట్టాము? వినతిపత్రాలు మోసిన నా చేతులే ఇందుకు సాక్ష్యం. షాదీఖానా కోసం, ఖబరస్తాన్ ప్రహరీ గోడ కోసం ఎన్నో అర్జీలు రాశాను. స్త్రీల పరీక్షల కోసం ఒక్కటీ రాయలేదు. ప్రహరీ గోడ అవసరమే. ఆ గోడ లోపలికి రావలసిన వేళ రాకముందే మనవారు రాకుండా చూడడం అంతకంటే అవసరం.

అందుచేత నాలుగు విన్నపాలు చేస్తున్నాను.

ఇమాం సాహెబులకు: మరకల గురించి మస్అలా అడగడానికి ఎవరు వచ్చినా, ఫిఖహ్ జవాబుతో పాటు ఒక్క వాక్యం చేర్చండి. "ఈ వారంలోనే లేడీ డాక్టరుకు చూపించండి" అని. మీ నోట వచ్చిన ఆ మాటకు పది కరపత్రాల కంటే ఎక్కువ బరువు ఉంటుంది. ఆలిమాలు ఆడవారి ఇజ్తిమాల్లో హైజ్, ఇస్తిహాజా పాఠం చెప్పేటప్పుడు ఈ లక్షణాలను కూడా చెప్పండి. రంజాను తర్వాత చూద్దాం, నిఖా తర్వాత చూద్దాం అన్న మాటను మీరే ఖండించండి.

ఇంటి మగవారికి: మీ భార్య, తల్లి, అక్క, వదిన మీతో సగం మాటే చెబుతారు. ఆ సగం విన్నప్పుడే బస్సు టికెట్టు తీయండి. ముట్లుడిగిన వితంతువు పరీక్షకు వెళ్లడంలో పరువు తక్కువ ఏమీ లేదు. పెళ్లికాని పెద్దామెకూ ఇదే మాట. సంచి తీసేయాలని ఎవరైనా చెబితే ముక్క పరీక్ష కాగితం చూపమని మర్యాదగా అడగండి, రెండో డాక్టరు మాట వినండి. తీసిన దాన్ని పరీక్షకు పంపి, ఆ రిపోర్టు తప్పక తీసుకోండి.

మసీదు కమిటీలకు, బైతుల్‌మాల్ పెద్దలకు: జబ్బు తేలిన తర్వాత చందా పోగుచేయడం మనకు అలవాటే. తేలేముందు అయ్యే చార్జీలకు, స్కానింగుకు కొంత మొత్తం కేటాయించండి. ఆసుపత్రిలో ఓపీ చీటీ ఎక్కడ తీయాలో తెలిసిన చదువుకొన్న ఆడపిల్లలు ఇద్దరిని మొహల్లాకు తోడుగా నిలపండి. బీసీ-ఇ రిజర్వేషన్‌తో డాక్టర్లు, నర్సులు అయిన మన బిడ్డలు ఇప్పుడు ఉన్నారు. వారిని సన్మాన సభలకే కాదు, ఈ పనికి కూడా పిలవండి.

ప్రభుత్వానికి: మూడు గడులు. అంతకంటే పెద్దగా ఏమీ అడగడం లేదు. ఉర్దూ, తెలుగు రెండింటిలోనూ ఈ లక్షణాల పట్టిక ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీద అంటించండి. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ముఖద్వార క్యాన్సర్ రాకుండా ముందే వేసే టీకా మన దేశంలోనే తయారవుతున్నది. అది బీద పిల్లలకు ఉచితంగా అందేలా చూడండి. టీకా రేపటి తరానికి. ఈనాటి తల్లులకు పరీక్షే దిక్కు.

మొన్న మా ఇమాం సాహెబు దగ్గరకు మరొక కొడుకు అలాంటి మస్అలాతోనే వచ్చాడు. ఆయన మూడు ప్రశ్నలూ అడిగి, జవాబు చెప్పి, నా వైపు చూశారు. నేను చందాల పుస్తకం మూసి లేచాను. మరుసటి రోజు పొద్దున్నే ఆ తల్లీ, ఆమె కోడలూ, నేనూ తిరుపతి బస్సెక్కాము. పన్నెండు రోజుల్లో ఫలితం వచ్చింది. క్యాన్సర్ కాదు, చిన్న కండ. తీసేశారు. ఆమె ఇంటికి వచ్చి రెండు రకాత్‌ల షుక్రానా నమాజు చదువుకొంది.

అక్క పేరు మీద నేను చేయగలిగిన సదఖా ఇదే అనిపించింది.